బండి ముసలిది కాలేదు

గుంటూరు,
ఆదివారం

చిరంజీవులు బుజ్జికి, చంటికి తాతయ్య దీవించి రాయునది.

మొన్న ఫోనులో బుజ్జి ఒక మాట అడిగింది. "మన బండి కొండ ఎక్కలేకపోయిందట కదా తాతయ్యా, ముసలిదైపోయిందా?" అని. డెబ్బై దాటినవాణ్ణి, ఆ మాట నాకూ కాస్త తగిలింది. అందుకే తీరికగా కూర్చుని జవాబు రాస్తున్నాను.

కోటప్పకొండ మీద అన్నదానానికి మన డీజిల్ బండిలో బియ్యం బస్తాలు, పప్పు, నూనె డబ్బాలు వేసుకుని తెల్లవారుజామున బయలుదేరాం. నరసరావుపేట దాకా బండి హాయిగా నడిచింది. ఘాట్ రోడ్డు ఎక్కి రెండు మలుపులు తిరిగామో లేదో మూడో గేరులో లాగడం మానేసింది. రెండో గేరు వేస్తే అక్కడా నీరసించింది. చివరికి మొదటి గేరులో పాకుతూ, వెనక నల్లటి పొగ వదులుతూ ఆయాసపడింది. పక్కకు ఆపి, చక్రం వెనక రాయి పెట్టి కూర్చున్నాం. మీ బాబాయి అప్పుడే "అమ్మేద్దాం నాన్నా" అన్నాడు. వాడికి అన్నిటికీ తొందరే.

చదునులో పరుగెత్తే బండికి కొండ మీద ఏమైంది? చిన్న లెక్క చెబుతాను. 75 కిలోల మనిషిని, అంటే సుమారుగా మీ నాన్నను, ఒక్క సెకనులో ఒక మీటరు పైకి ఎత్తితే అది ఒక హార్స్‌పవర్. బండి, సరుకు కలిసి 3,000 కిలోలు అనుకోండి. పది మీటర్లకు ఒక మీటరు లేచే రోడ్డు మీద గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతే, ప్రతి సెకనూ ఆ బరువంతా ఒక మీటరు పైకి లేవాలి. అంటే మీ నాన్నలాంటివాళ్లు నలభై మంది! ఒక్క ఎత్తడానికే 40 హార్స్‌పవర్ కావాలి. చదునులో ఈ ఖర్చు ఉండదు కాబట్టి ఇంజనులో లోపం ఉన్నా బయటపడదు.

మర్నాడు ఒక షెడ్డుకు తీసుకెళ్తే, అక్కడి మెకానిక్ బానెట్ ఎత్తకుండానే "ఇంజెక్టర్లు నాలుగూ మార్చాలి" అన్నాడు. ఇంజెక్టర్లంటే ఇంజనులోకి డీజిల్ చిమ్మేవి. నాడి చూడకుండా మందు రాసే వైద్యుడంటే నాకు ఒళ్లు మంట. బండిని ఇంటికి తెచ్చేశాను.

ముందు క్లచ్ సంగతి ఆలోచించాను. క్లచ్ ప్లేటు అరిగిపోతే ఇంజను మోత పెరుగుతుంది కానీ బండి వేగం పెరగదు, కాలిన వాసన కూడా వస్తుంది. మనకు మోతే పడిపోయింది, కాబట్టి క్లచ్ కాదు. బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని కాస్త దూరం నడిపి, నాలుగు చక్రాల దగ్గరా అరచేతి వెనక వైపు పెట్టి చూశాను. ఒక్కటీ మిగతావాటి కంటే వేడిగా లేదు. డీజిల్ ఫిల్టరు అడుగున ఉన్న మర వదులు చేసి కొంచెం డీజిల్ గాజు సీసాలోకి పట్టాను. డీజిల్ నీళ్ల కంటే తేలిక, నీరు ఉంటే అడుగుకు చేరుతుంది. రెండు చుక్కలు తప్ప ఏమీ లేదు.

అసలు ఆ పొగే నాకు దారి చూపింది. ఒక లీటరు డీజిల్ పూర్తిగా మండాలంటే సుమారు 10 వేల లీటర్ల గాలి కావాలి. గాలి చాలకపోతే మండని డీజిల్ మసిగా మారి నల్లపొగ వస్తుంది. ఇంజెక్టరు కారినా నల్లపొగ రావచ్చు, కాబట్టి ఆ మెకానిక్ మాట పూర్తిగా తప్పని అనను. కానీ వేల రూపాయలు పోయడానికి ముందు పైసా ఖర్చు లేని చోట వెతకాలి కదా!

ఇంజనులోకి పోయే గాలిని వడకట్టే ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిచాను. నవ్వకండి, మిర్చి యార్డు చుట్టూ తిరిగే బండి కదా, ఎర్రటి దుమ్ము గుప్పున లేచింది. నేను, మీ బాబాయి, పక్కింటి పిల్లవాడు వరసపెట్టి తుమ్మాం. మీ నానమ్మ వంటింట్లోంచే తిట్టింది. కొత్త ఫిల్టరు వేశాక బండి కాస్త తేరుకుంది, కానీ బరువు వేస్తే మళ్లీ అదే నీరసం.

ఇక మిగిలింది టర్బో దారి. ఇంజను వదిలే పొగ వేగానికి లోపల ఒక చిన్న చక్రం నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. అదే ఇరుసు మీద ఉన్న రెండో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి పంపుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టినప్పుడు అడుగున పట్టుకుంటే మీకే తెలుస్తుంది. ఆ వేడి తగ్గించడానికి దాన్ని ఇంటర్‌కూలర్ గుండా తిప్పుతారు. ఈ దారంతా రబ్బరు గొట్టాలే.

ఇంజను పూర్తిగా చల్లారాక టార్చి పట్టుకుని కిందికి దూరాను. గొట్టాలన్నిటి మీదా పొడి దుమ్మే ఉంది, ఒక్క గొట్టం వంపులో మాత్రం అరచేయంత మేర దుమ్ము నూనెతో తడిసి నల్లగా అంటుకుని ఉంది. గుడ్డతో తుడిచాను. పైకి ఏమీ కనిపించలేదు. రెండు చేతులతో వంచి నొక్కితే, క్లిప్పు పక్కనే రెండు అంగుళాల చీలిక చేప నోరు తెరిచినట్టు తెరుచుకుంది. వదిలితే మూసుకుంది! ఇంజను ఊరికే తిరిగేటప్పుడు అది మూసుకునే ఉంటుంది. కొండ మీద టర్బో గట్టిగా ఊదినప్పుడు నోరు తెరిచి గాలంతా బయటికి వదిలేస్తుంది.

మీ బాబాయి టేపు చుడదామన్నాడు. ఆ వేడికి, ఒత్తిడికి టేపు ఎన్నాళ్లు ఆగుతుంది? ఆటోనగర్‌లో కొత్త గొట్టం, రెండు క్లిప్పులు కొన్నాం. జిడ్డు ఉంటే గొట్టం జారిపోతుందని పైపు కొసలు శుభ్రంగా తుడిచి, క్లిప్పులు బిగించాం. కొత్త రబ్బరు కదా అని మరీ గట్టిగా తిప్పితే అదీ కోసుకుపోతుంది.

గురువారం అంతే బరువు వేసుకుని అదే ఘాట్ ఎక్కాం. మొన్న ఆగిన మలుపు మూడో గేరులో దాటింది, పొగ లేదు. మేము పెట్టిన రాయి ఇంకా అక్కడే ఉంది.

పాత గొట్టం పారేయలేదు. మీ నానమ్మ రెండుసార్లు చెత్తబుట్టలో వేస్తే తీసి బీరువా పైన దాచాను. సెలవులకు వచ్చినప్పుడు మీరే నొక్కి చూడండి.

మీ తాతయ్య