స్ప్రెడ్ అంటే ‘వ్యాపించడం’ ఒక్కటేనా? అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేయడం నా వృత్తి. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ల రాతలు దిద్దడం కూడా అందులో భాగమే. దిద్దుతున్నప్పుడు నా పెన్ను చాలాసార్లు ‘స్ప్రెడ్’ దగ్గర ఆగుతుంది. చిన్న క్లాసుల్లోనే నేర్చుకున్న మాట కదా అని ఎవరూ డిక్షనరీ తియ్యరు. చేతికి మొదట తగిలిన తెలుగు మాట పెట్టేసి ముందుకు వెళ్లిపోతారు. నేనూ ఒకప్పుడు అలాగే చేశాను. ఈ మాట గురించీ, దీని చుట్టాల గురించీ తరచూ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: స్ప్రెడ్ అంటే వ్యాపించడం. ఆ ఒక్క అర్థం తెలిస్తే చాలు.

వాస్తవం: చాప అయితే పరుస్తాం. తడిబట్టలు ఆరేస్తాం. మందు రాస్తాం, రంగు పూస్తాం. పక్షి రెక్కలు చాస్తుంది. పొగమంచు కమ్ముకుంటుంది. తీగ అల్లుకుంటుంది, మంట అంటుకుంటుంది, మరక పాకుతుంది. జబ్బు ప్రబలుతుంది, గుట్టు పొక్కుతుంది, చిరునవ్వు ముఖమంతా పరుచుకుంటుంది. వీటన్నిటికీ ఇంగ్లిష్‌లో ‘స్ప్రెడ్’ అనే ఒక్క క్రియతో పని జరిగిపోతుంది. ఏ వస్తువు, ఎలా కదిలింది అన్నది తెలుగు తన క్రియలోనే చెప్పేస్తుంది. అందుకే ‘స్ప్రెడ్’ కనపడగానే నేను ముందు చూసేది ఆ క్రియను కాదు, దాని పక్కనున్న నామవాచకాన్ని. పాకేది ఏమిటో తెలిశాక తెలుగు మాట దానంతటదే వస్తుంది.

ఇది అందమైన భాష కోసం పడే తాపత్రయం మాత్రమే కాదు. నేను ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక కుటుంబం క్యాన్సర్ పరీక్షల రిపోర్టు తెచ్చి, తెలుగులో చెప్పమంది. అందులో ‘నో ఎవిడెన్స్ ఆఫ్ స్ప్రెడ్’ అని ఉంది. ‘వ్యాప్తికి ఆధారాలు లేవు’ అని రాసిచ్చాను. ఆ పెద్దాయన అది చదివి, “ఆధారాలు దొరకలేదంటే, ఇంకా వెతుకుతున్నారా అండి?” అని అడిగారు. ఆయన ముఖంలో భయం ఇప్పటికీ గుర్తుంది. మాటకు మాట సరిపోయింది కానీ, ఆయనకు చేరాల్సిన కబురు చేరలేదు. ‘ఈ పరీక్షల్లో జబ్బు వేరే చోటికి పాకినట్టు ఎక్కడా కనిపించలేదు’ అని తిరగరాసి ఇచ్చాను. ఆ రోజు నుంచి ఈ చిన్న మాటను చిన్నగా చూడలేదు.

అపోహ: గతంలో జరిగితే ‘స్ప్రెడెడ్’ అనాలి.

వాస్తవం: ఆ రూపం లేదు. కట్, పుట్, షట్ లాగే స్ప్రెడ్‌కి కూడా మూడు రూపాలూ ఒకటే. మరి కాలం తెలిసేదెలా? ‘ద న్యూస్ స్ప్రెడ్స్’ అని చివర ‘స్’ ఉంటే వర్తమానం, ‘ద న్యూస్ స్ప్రెడ్’ అని ఊరుకుంటే భూతకాలం. ‘దే స్ప్రెడ్’ లాంటి చోట్ల ఆ గుర్తు కూడా ఉండదు, ముందూ వెనకా ఉన్న వాక్యాలు చూసుకోవాల్సిందే. ఇక ఉచ్చారణ బ్రెడ్, హెడ్ లాగే పొట్టిగా ఉంటుంది. ‘స్ప్రీడ్’ అని సాగదీయకూడదు.

అపోహ: వెనక టు వచ్చినా, త్రూ వచ్చినా, ఓవర్ వచ్చినా అర్థం ఒకటే.

వాస్తవం: నా అనుభవంలో ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే. తెలుగు తన క్రియతో చేసే పనిని ఇంగ్లిష్ ఈ చిన్న మాటలతో చేయించుకుంటుంది. ఒక అగ్నిప్రమాదం నివేదికలో ‘ద ఫైర్ స్ప్రెడ్ టు ద సెకండ్ ఫ్లోర్’ అని ఉంటే, మంట రెండో అంతస్తు దాకా వచ్చిందని మాత్రమే అర్థం. అక్కడ ఒక్క గది కాలిందో, నాలుగు కాలాయో ఆ వాక్యం చెప్పదు. ‘త్రూ ద సెకండ్ ఫ్లోర్’ అంటే ఆ అంతస్తులో ఆ చివర నుంచి ఈ చివరికి పాకిందని. రెండింటికీ ‘రెండో అంతస్తుకు మంటలు వ్యాపించాయి’ అని రాసేస్తే, నష్టం లెక్క కట్టేవాళ్లకు తప్పుడు సమాచారం ఇచ్చినట్టే. ‘బై’ వస్తే దేని ద్వారా పాకిందో చెబుతుంది: మలేరియా దోమల వల్ల వస్తుంది అనేటప్పుడు వాడేది అదే. ‘ఓవర్’ పక్కన కాలం వస్తే అర్థం మళ్లీ మారుతుంది. ‘పేమెంట్స్ స్ప్రెడ్ ఓవర్ త్రీ ఇయర్స్’ అంటే మూడేళ్లలో విడతలుగా కట్టడం. దీన్ని ‘మూడేళ్ల తర్వాత చెల్లింపు’ అని రాసిన ఒప్పందం ఒకటి దిద్దాను. సంతకాలు కాకముందే కంటపడింది కాబట్టి సరిపోయింది.

‘అవుట్’ది ఇంకో దారి. టేబుల్ మీద మ్యాపును ‘స్ప్రెడ్ అవుట్’ చేస్తే మడతలు విప్పి పరచడం. అదే మాట మనుషుల గుంపుతో అంటే ‘ఎడం ఎడంగా జరగండి’ అని. ఒక భద్రతా సూచనల కాగితంలో దీనికి ‘విస్తరించండి’ అని రాశారు. కంగారులో ఉన్న మనిషి ఆ మాట విని ఏం చేయాలి?

అపోహ: పుకారు ‘స్ప్రెడ్’ అయినా, ‘వాజ్ స్ప్రెడ్’ అయినా ఒకటే.

వాస్తవం: మొదటిదాంట్లో పుకారు తనంతట తాను పాకినట్టుంది. రెండోదాంట్లో ఎవరో పనిగట్టుకుని పాకించారన్న సూచన ఉంది, వాళ్ల పేరు చెప్పకపోయినా సరే. తెలుగులో ఈ తేడా చూపడం చాలా తేలిక: ‘పుకారు పాకింది’, ‘పుకారు పుట్టించి పాకించారు’. వార్తలు రాసేవాళ్లు ఈ తేడా పట్టించుకోకపోతే, బాధ్యులు ఉన్నచోట వాళ్లు మాయమవుతారు, లేనిచోట కొత్తగా పుట్టుకొస్తారు.

అపోహ: స్ప్రెడ్, స్కాటర్, డిస్పర్స్, డిఫ్యూజ్ అన్నీ పర్యాయపదాలే. ఏది వాడినా తప్పు లేదు.

వాస్తవం: నేను వాడే పరీక్ష ఒకటుంది. పరుచుకున్నాక కూడా ఆ వస్తువు ఒకటిగానే ఉందా? పరిచిన దుప్పటి ఒక్క దుప్పటే. చేతిలోంచి జారిన గోళీలు తలో దిక్కుకీ పోతాయి, అది స్కాటర్. గుమిగూడిన జనం విడిపోయి ఎవరి దారిన వాళ్లు వెళ్లడం డిస్పర్స్. పోలీసులు గుంపును ‘స్ప్రెడ్’ చేశారని ఇంగ్లిష్‌లో అనరు. డిస్పర్స్‌కి లాటిన్ మూలంలో అటూ ఇటూ చల్లడం అనే అర్థం ఉంది. డిఫ్యూజ్‌కి మూలం పొయ్యడం. నీళ్ల గ్లాసులో ఇంకు చుక్క వేస్తే నెమ్మదిగా కలిసిపోతూ, అంచు ఎక్కడుందో తెలియకుండా పోతుంది చూడండి, అదీ డిఫ్యూజ్.

భౌతికశాస్త్రంలో ఈ తేడాలు ఇంకా కచ్చితం. పట్టకంలో తెల్లకాంతి రంగులుగా విడిపోవడం డిస్పర్షన్, అంటే విక్షేపణం. ఇంకు చుక్క నీళ్లలో కలవడం డిఫ్యూజన్, వ్యాపనం. సి.వి.రామన్ 1928లో కనుగొన్నది స్కాటరింగ్‌కు, అంటే పరిక్షేపణానికి సంబంధించినది. దానికే 1930లో నోబెల్ వచ్చింది. ఈ మూడింటికీ ‘వ్యాప్తి’ అని రాస్తే పాఠం మొత్తం గందరగోళం అవుతుంది.

డిఫ్యూజ్‌తో ఇంకో చిక్కు. బాంబును పేలకుండా చేయడానికి వాడే మాట చెవికి దాదాపు ఇలాగే వినిపిస్తుంది, స్పెల్లింగ్ మాత్రం వేరు: ఇది defuse, పైన చెప్పింది diffuse. ఫ్యూజు తీసేయడం దాని అర్థం. ‘టెన్షన్ తగ్గించారు’ అనేటప్పుడు కావాల్సింది ఆ రెండో మాట. ఇంగ్లిష్ పత్రికల్లోనే ఇవి తారుమారు అవుతుంటాయి. అలాగే డబ్బు చెల్లించడం డిస్బర్స్. అందులో దాగి ఉన్నది డబ్బు సంచి. నిధులను ‘డిస్పర్స్’ చేశామంటే డబ్బును గాల్లోకి చల్లేశామన్నట్టు ఉంటుంది.

అపోహ: నామవాచకంగా వచ్చినా స్ప్రెడ్ అంటే వ్యాప్తే.

వాస్తవం: షేర్ మార్కెట్‌లో స్ప్రెడ్ అంటే కొనేవాళ్లు ఇస్తామనే ధరకీ, అమ్మేవాళ్లు అడిగే ధరకీ మధ్య తేడా. అక్కడ ఏదీ వ్యాపించదు. గణాంకాల్లో అది అంకెల మధ్య ఎడం. 50, 50, 50 సగటు 50. 10, 50, 90 సగటు కూడా 50. సగటు ఒకటే అయినా మొదటిదాంట్లో స్ప్రెడ్ సున్నా, రెండోదాంట్లో చాలా ఎక్కువ. పత్రికల్లో ఎదురెదురుగా ఉన్న రెండు పేజీలను కలిపి స్ప్రెడ్ అంటారు. పద్దులు రాసేవాళ్లు అలా రెండు పేజీల మీదుగా గీసుకున్న పెద్ద కాగితమే స్ప్రెడ్‌షీట్. 1979లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం విసికాల్క్ అనే లెక్కల ప్రోగ్రామ్ వచ్చాక ఆ కాగితం తెర మీదికి చేరింది. ఇప్పుడు ఆ మాట వింటే కాగితం ఎవరికీ గుర్తురాదు.

అపోహ: బ్రాడ్‌కాస్ట్ రేడియోతో పుట్టిన మాట.

వాస్తవం: ఈ భాగం రాయడం నాకు అన్నిటికన్నా ఇష్టం. రేడియో రాకముందే బ్రాడ్‌కాస్ట్ పొలంలో ఉంది. చేతినిండా విత్తనాలు తీసుకుని నేలంతా పడేలా విసరడాన్ని అలా అనేవారు. 1920లలో రేడియోవాళ్లు ఆ మాటను తీసుకున్నారు. సమాచారాన్ని అందరికీ చేర్చడానికి వాడే డిస్సెమినేట్‌లో ఉన్నది లాటిన్ విత్తనం. దేశాలు దాటి స్థిరపడిన జనాన్ని చెప్పే డయాస్పొరాలో ఉన్నది గ్రీకువాళ్ల విత్తడం. ప్రాపగేట్ అయితే మొక్క కొమ్మను నాటి కొత్త మొక్కను పెంచడం నుంచి వచ్చింది. 1622లో పోప్ పదిహేనో గ్రెగరీ మత ప్రచారానికి పెట్టిన సంఘం పేరులో ఆ లాటిన్ మాట ఉంది. ప్రాపగాండా అక్కడి నుంచే వచ్చింది.

తెలుగులో ‘వెదజల్లు’ కూడా విత్తనానిదే. వెద అంటే విత్తడం. ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా రెండు భాషలవాళ్లూ పొలంలో ఒకే దృశ్యం చూసి మాట కట్టుకున్నారు. అలాగని డిస్సెమినేట్ కనపడిన ప్రతిచోటా ‘సమాచారాన్ని వెదజల్లడం’ అని మాత్రం రాయను. ఇప్పటి తెలుగులో పువ్వులు పరిమళం వెదజల్లుతాయి, దీపం వెలుగు వెదజల్లుతుంది. టీకాల తేదీల గురించి రాసేటప్పుడు ‘అందరికీ తెలిసేలా చేయండి’ అని రాస్తాను.