శ్రమకాలం మనదా, వాళ్ళదా? తెలుగు సంఘాల్లో నలభై రోజుల వెనుక కథ

ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాస కాలం శ్రమకాలం, ఇంగ్లీషులో లెంట్. అది మొదలయ్యే భస్మ బుధవారం దగ్గర పడిందంటే తెలుగు ప్రొటెస్టెంటు సంఘాల్లో పాత వాదన మళ్ళీ లేస్తుంది. లెంట్ బైబిల్లో ఎక్కడుంది, అది కాథలిక్కుల ఆచారం కదా అని ఒకరంటారు. ప్రభువు అరణ్యంలో నలభై రోజులు ఉపవాసం ఉండలేదా అని ఇంకొకరు అడుగుతారు. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ సంఘాలకు ఇది క్యాలెండర్లో ఉన్న కాలం. బ్రదరన్ తరహా సహవాసాలు దీన్ని పట్టించుకోవు. పెంతెకొస్తు సంఘాల్లో చాలామంది లెంట్ అనే మాట ఎత్తకుండానే సరిగ్గా ఆ రోజుల్లో నలభై రోజుల ఉపవాస ప్రార్థనలు పెడతారు. బాప్టిస్టుల సంగతి ఇంకా ఆసక్తికరం. ఒకప్పుడు వాళ్ళకు ఈ కాలమే లేదు, ఇప్పుడు చాలాచోట్ల సాయంత్రం కూడికలు వాళ్ళవే నిండుగా ఉంటాయి.

రెండు వైపులవాళ్ళూ చరిత్రను సగమే చెబుతున్నారు.

మొదట్లో నలభై రోజులు లేవు. రెండో శతాబ్దం చివర్లో ఇరేనియస్ అనే బిషప్పు రాసిన ఉత్తరం ప్రకారం, పాస్కాకు, అంటే ఈస్టర్‌కు ముందు కొందరు ఒకరోజు ఉపవాసం ఉండేవారు, కొందరు రెండు రోజులు, మరికొందరు నలభై గంటలు. క్రీ.శ. 325 నాటి నైసియా మహాసభ తీర్మానాల్లో నలభై రోజుల ప్రస్తావన కనిపిస్తుంది. ఈస్టర్ రాత్రి బాప్తిస్మం పొందబోయేవాళ్ళు అంతకుముందు కొన్ని వారాలు వాక్యం నేర్చుకుంటూ ఉపవాసం ఉండేవారు. వాళ్ళకు తోడుగా సంఘం కూడా ఉపవాసం పట్టేది. ఇవాళ ‘ఆత్మపరిశీలన’ అని ప్రసంగాల్లో వినే మాటకు మూలం అక్కడుంది.

లెక్క కుదరడానికి చాలాకాలం పట్టింది. ఆదివారం ఉపవాసం ఉండకూడదు కనుక ఆరు వారాలకు వచ్చేది 36 రోజులే. ఏడాదిలో పదోవంతు దేవునికిచ్చినట్టని పోపు గ్రెగరీ దాన్ని సమర్థించాడు కూడా. తర్వాత నాలుగు రోజులు ముందుకు జరిపి నలభై చేశారు. అలా మొదటి రోజు బుధవారమైంది. ఆ రోజు విశ్వాసులందరి తలమీదా బూడిద వేయాలని 1091లో ఇటలీలోని బెనెవెంటో సభ చెప్పింది.

గొడవ మొదలైంది సంస్కరణ కాలంలో. 1522లో స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో ఒక ముద్రాపకుడి ఇంట్లో పనివాళ్ళు లెంట్ రోజుల్లో సాసేజ్‌లు తిన్నారు. పక్కనే ఉన్న సంస్కర్త జ్వింగ్లీ తాను తినలేదు గానీ, తినడం పాపం కాదని ఆ తర్వాత ప్రసంగం చేశాడు. జర్మనీ సంస్కర్త లూథర్ బలవంతపు ఉపవాసాన్ని తప్పుబట్టినా ఆ కాలాన్ని మాత్రం ఉంచాడు. ఇంగ్లండ్ 1548లో బూడిదను తీసేసి, నలభై రోజులను ప్రార్థన పుస్తకంలో మిగుల్చుకుంది. అక్కడి కరడుగట్టిన ప్రొటెస్టెంట్లైన ప్యూరిటన్లు ఇంకా ముందుకెళ్ళి, వాక్యంలో ఆధారం లేని పండుగ దినాలేవీ వద్దని 1645 నాటి ఆరాధన క్రమంలో రాసేశారు.

ఈ తగువులన్నీ ఓడలెక్కి తెలుగు నేలకు వచ్చాయి. 18వ శతాబ్దంలోనే కాథలిక్కుల్లోని జెస్యూట్ గురువులు తపస్సు కాలాన్ని (లెంట్‌కు కాథలిక్కుల పేరు) తెచ్చారు. 1805లో విశాఖపట్నంలో దిగిన లండన్ మిషన్‌వాళ్ళు ఎక్కువగా ప్యూరిటన్ల వారసులు. 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టిన అమెరికన్ బాప్టిస్టులకూ ఆదివారం తప్ప వేరే పవిత్ర దినాలు పట్టవు. 1842లో గుంటూరు వచ్చిన హయ్యర్ గారు లూథరన్, కనుక ఆయన వెంట శ్రమకాలం వచ్చింది. అంటే మీ తాతగారి ఊరికి ఏ దొర వచ్చాడన్నదాన్ని బట్టి మీ ఇంట్లో లెంట్ ఉండడమో లేకపోవడమో జరిగింది. వేదాంతం పాత్ర ఇందులో తక్కువే.

ఈ వాదనలో ఎవరూ ఎత్తని సంగతి ఆకలి. 1876-78 ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన వేలమందికి కూలి ఇప్పించాడు. వాళ్ళలో మాదిగలు ఎక్కువ. గంజి కోసం మతం మారారనే మాట రాకూడదని, సాయం అందుతున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. రోజులతరబడి తిండి లేక చావు అంచుదాకా వెళ్ళొచ్చినవాళ్ళకు ఉపవాసం గురించి ఎవరు చెబుతారు, ఏమని చెబుతారు? తెలుగు దళిత సంఘాల్లో ఉపవాసం అంటే ఒకపూట మానడం, ఆ పూట కూడు ఇంకొకరికి చేర్చడం అనే అర్థం బలపడడం వెనుక ఈ జ్ఞాపకం ఉందని నాకనిపిస్తుంది.

దీనికి దగ్గరిదే పిడికెడు బియ్యం కానుక. అన్నం వండే ముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చే అలవాటు ఏడాది పొడవునా ఉండేదే. తిరునల్వేలి సంఘాలు పంపగా వచ్చి, 1912 డిసెంబరు 29న దోర్నకల్ బిషప్పయిన అజరయ్య గారు, పేద సంఘమైనా తన కాళ్ళమీద నిలబడాలని పట్టుబట్టిన మనిషి. ఆ రోజుల్లో గ్రామ సంఘాలు తమ ఉపదేశకుల్ని పోషించుకోవడంలో ఈ పిడికెళ్ళ వాటా చిన్నదేమీ కాదు. ఇప్పుడు శ్రమకాలంలో పంచే కానుక కవర్లు, డబ్బాలు దానికి తమ్ముళ్ళు.

1947 సెప్టెంబరు 27న సీఎస్ఐ ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు (ఇంగ్లండ్ సంఘంవాళ్ళు), మెథడిస్టులు, ప్యూరిటన్ వారసులు ఒకే గొడుగు కిందికి వచ్చారు. లెంట్ పాటించనివాళ్ళ పిల్లలు లెంట్ పాఠాలున్న క్యాలెండర్ పట్టుకున్నారు. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్ చేరిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో బాప్టిస్టు, లూథరన్, సీఎస్ఐ కుర్రాళ్ళు ఒకే బెంచీ మీద చదువుకున్నారు. అందరి చేతుల్లోనూ ఒకే కీర్తనల పుస్తకం, అందులో రాగం తాళం రాసి ఉన్న సిలువ పాటలు. బాప్టిస్టు గుళ్ళలోకి శ్రమకాలం ఏ తీర్మానంతోనూ రాలేదు. పాటల వెంట, స్నేహాల వెంట వచ్చిందని నా అంచనా.

అన్నిటికంటే తమాషా అయినది గుడ్ ఫ్రైడే మధ్యాహ్నపు ఆరాధన. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్ని పన్నెండు నుంచి మూడు దాకా ఏడుగురు పంచుకుని చెప్పడం తెలుగు క్రైస్తవుల్లో శాఖలకు అతీతమైన అలవాటు. కాథలిక్ ఆచారాలు మాకొద్దనే సంఘాలు సైతం దీన్ని వదలవు. ఈ పద్ధతి ప్రొటెస్టెంట్లది కానే కాదు. 1687 భూకంపం తర్వాత పెరూ దేశంలోని లీమాలో అలొన్సో మెస్సియా అనే జెస్యూట్ గురువు దీన్ని మొదలుపెట్టాడు. అక్కడినుంచి యూరప్ చేరి, 19వ శతాబ్దం రెండో సగంలో ఆంగ్లికన్లకు అంటుకుంది.

మన దగ్గరికి వచ్చాక అది పూర్తిగా మనదైపోయింది. ఒక మాట పాస్టరు గారికి, ఒకటి రిటైరైన టీచరు గారికి, ఒకటి స్త్రీల సమాజానికి, ఒకటి యూత్‌కి. ‘దప్పిగొనుచున్నాను’ అన్న మాట ఏప్రిల్ ఎండలో, మిర్చి కోతల నుంచి వచ్చిన మనుషుల మధ్య చదువుతుంటే దానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. మూడో మాట చెప్పే ఆయన టైము దాటేసి ఏడో మాటవాళ్ళను ఐదు నిమిషాలకు కుదించేయడం కూడా సంప్రదాయంలో భాగమే!

మిగతా రోజుల్లో నడిచేది సాయంత్రపు ఇంటి కూడికలు. కూలి పనులు ముగిసి, స్నానాలయ్యాక ఒక్కోరోజు ఒక్కో ఇంట్లో చేరతారు. గుడికి రావడం మానేసినవాళ్ళ గడప కూడా ఆ వరుసలో ఉంటుంది, చాలా సంఘాల్లో మాటల్లేని కుటుంబాలు మళ్ళీ కలిసేది అక్కడే. పదో తరగతి పరీక్షలు ఆ రోజుల్లోనే కనుక ప్రార్థన మనవుల్లో హాల్ టికెట్ల టెన్షన్ తప్పనిసరి. 2020లో లాక్‌డౌన్ వల్ల ఏప్రిల్ 10 నాటి గుడ్ ఫ్రైడేకి గుళ్ళు మూతపడితే ఏడు మాటలు ఫోన్లలోకి మారాయి. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకు తన ఊరి సంఘం కూడికలో జూమ్ ద్వారా కూర్చోవడం అప్పుడు మొదలై ఇంకా సాగుతోంది.

నియమాలు పెట్టినవాళ్ళే వాటిని సడలించారు కూడా. 1966లో పోపు ఆరో పాల్ మార్చాక కాథలిక్కులకు తప్పనిసరి ఉపవాసం భస్మ బుధవారం, గుడ్ ఫ్రైడే రెండు రోజులకే పరిమితం. నలభై రోజులూ మాంసం ముట్టని ఉత్సాహం ఇప్పుడు ప్రొటెస్టెంట్లలో కూడా బాగా కనబడుతోంది. మానేసిన మాంసం డబ్బు ఎక్కడికి పోయిందని అడిగేవాళ్ళు తక్కువ. ఉపవాసం మాట వచ్చినప్పుడల్లా ఆకలిగొన్నవాళ్ళకు ఆహారం పెట్టడమే ఉపవాసమనే యెషయా 58వ అధ్యాయం చదివే పాస్టర్లు ఆ ప్రశ్న వేస్తారు, కొన్ని సంఘాలు ఆ డబ్బుతో హాస్టల్ పిల్లల ఫీజులు కడతాయి.

ఇంగ్లండ్ 1548లో తీసేసిన బూడిద కొన్ని సీఎస్ఐ గుళ్ళలో ఈమధ్య మళ్ళీ కనిపిస్తోంది. దాని మీద అభ్యంతరం చెప్పేది ఎక్కువగా పెద్ద వయసువాళ్ళు. నుదుటి మీద ఏదీ పెట్టుకోకపోవడమే తమ గుర్తుగా బతికిన తరం వాళ్ళది. కుర్రాళ్ళకు ఆ ఇబ్బంది లేదు, బుధవారం సాయంత్రం వరుసలో నిలబడుతున్నారు.