పోలండ్ పాల బార్లు: చవక భోజనం వెనక మాంసం ధర కథ

తక్కువ డబ్బుతో పోలండ్ తిరగాలనుకునే వాళ్లకు అక్కడివాళ్లు చెప్పే మొదటి మాట, 'బార్ మ్లెచ్నీ'కి వెళ్లమని. అంటే పాల బార్. పేరులో బార్ ఉన్నా మందు దొరికే చోటు కాదు, మన మెస్ లాంటిది. ఇంటి వంట, సాదా టేబుళ్లు, మామూలు రెస్టారెంట్ కంటే బాగా తక్కువ బిల్లు. ఈ చవక ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే వందేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

1896లో వార్సా ఇంకా రష్యా చక్రవర్తి పాలనలోనే ఉంది. పశువులు పెంచే భూస్వామి స్తానిస్లావ్ ద్వుజెవ్‌స్కీ ఆ ఏడాది నగరం నడిబొడ్డున, నోవీ శ్వియత్ వీధిలో ఒక పాల హోటల్ తెరిచాడు. పాలు, గుడ్లు, పిండి, వీటితో చేసే వంటకాలే అక్కడ వడ్డించేవారు. మాంసం లేదు కాబట్టి ధర తక్కువ. అది బాగా నడవడంతో మిగతావాళ్లూ అదే దారి పట్టారు. 1930ల ఆర్థిక మాంద్యంలో జేబులో డబ్బు లేనివాళ్లకు ఇవే దిక్కయ్యాయి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. ప్రైవేటు వ్యాపారాన్ని చాలావరకు అణిచేసింది. పల్లెల నుంచి కార్మికులు నగరాలకు వచ్చిపడ్డారు. పనిచేసే చోట క్యాంటీన్ లేనివాళ్లకు వేడి భోజనం పెట్టాలి, మాంసం చూస్తే కొరత. అందుకే 1950ల నుంచి ప్రభుత్వమే సబ్సిడీ ఇచ్చి పాల బార్లను ఊరూరా నడిపించింది.

ఆ రోజుల్లో పోలండ్‌లో మాంసం ధర అంటే రాజకీయమే. 1970 డిసెంబర్‌లో మాంసంతో పాటు ఆహార ధరలు పెంచితే గ్దాన్స్క్, గ్దీనియా ఓడరేవుల్లో కార్మికులు వీధుల్లోకి వచ్చారు, కాల్పుల్లో పదుల మంది చనిపోయారు. 1976 జూన్‌లో మళ్లీ పెంచబోతే రాడోమ్ నగరం భగ్గుమంది, ప్రభుత్వం వెనక్కి తగ్గక తప్పలేదు. 1980 జూలైలో మాంసం ధరల మీద మొదలైన సమ్మెలే పెరిగి పెరిగి ఆగస్టుకల్లా ప్రభుత్వ అదుపులో లేని కార్మిక సంఘం 'సాలిడారిటీ' పుట్టుకకు దారితీశాయి. 1981 నుంచి 1989 దాకా మాంసానికి రేషన్ కార్డులు నడిచాయి. అన్నేళ్లూ పాల బార్‌లో బంగాళదుంప, పన్నీరు, పిండి, గుడ్డు మాత్రం ఏదో ఒక రూపంలో పళ్లెంలోకి వస్తూనే ఉన్నాయి. పోలండ్ పెద్దవాళ్లకు ఈ బార్లంటే ఇప్పటికీ ఎందుకంత ప్రేమో నాకు ఇక్కడే అర్థమవుతుంది.

1989లో కమ్యూనిస్టు పాలన పోయింది. మరుసటి జనవరి నుంచి మార్కెట్ సంస్కరణలు వచ్చాయి. అద్దెలు పెరిగాయి, పిజ్జాలు, కబాబ్‌లు దిగాయి, పాల బార్లు వరసగా మూతపడ్డాయి. అయినా సబ్సిడీ పూర్తిగా పోలేదు. శాకాహార, పాల పదార్థాలతో చేసిన వంటకాలకు అది ఇప్పటికీ అందుతోంది. ఇచ్చేది వంటకానికి, మనిషికి కాదు. అందుకే పెన్షన్ తాతగారికీ, కాలేజీ కుర్రాడికీ, వీపున బ్యాగుతో దిగిన పర్యాటకుడికీ ఒకటే ధర.

ఉన్నవాటిని కాపాడుకోవడానికి జనం కొట్లాడారు కూడా. 2011 చివర్లో వార్సా మార్షల్‌కోవ్‌స్కా వీధిలోని 'ప్రసోవీ' బార్ మూతపడితే, కొందరు కార్యకర్తలు లోపలికి వెళ్లి తామే వండి వడ్డించారు. తర్వాత అది మళ్లీ తెరుచుకుంది. 2015లో ఇంకో టెన్షన్. సబ్సిడీకి అనుమతించిన సరుకుల జాబితాలో మసాలా దినుసులు లేవు, వాడితే డబ్బు పోతుందన్నారు. మిరియాలు లేని చారు పేదవాడు తాగాలా అని జనానికి కోపం వచ్చింది. గొడవ పెద్దదై నిబంధన మార్చారు. ఆ కోపం న్యాయమైనదే.

ఈ చరిత్రంతా ఇప్పుడు గోడ మీది ధరల బోర్డులోనే కనిపిస్తుంది. ధరలు రౌండ్ ఫిగర్‌లో కాకుండా గ్రోషెలతో, అంటే మన పైసల్లాంటి చిల్లరతో ఉండే బార్లు ఇంకా ఉన్నాయి, సరుకును గ్రాముల్లో తూచి లెక్కకట్టడం వల్ల. పియెరోగి అంటే పిండిలో కూరి ఉడికించే కజ్జికాయల్లాంటివి. వాటిలో బంగాళదుంప, 'త్వరుగ్' అనే పచ్చి పన్నీరు కూరిన పియెరోగి రుస్కియె చవక. మాంసం కూరినవాటికి సబ్సిడీ లేదు కాబట్టి ధర ఎక్కువ. ఆ 'రుస్కియె'కి అర్థం రష్యా కాదు, ఇప్పటి పశ్చిమ ఉక్రెయిన్‌లోని పాత రుథేనియా ప్రాంతం. 2022లో యుద్ధం మొదలయ్యాక కొన్నిచోట్ల బోర్డు మీద దీన్ని 'ఉక్రెయిన్ పియెరోగి' అని మార్చి రాశారు.

ముందు కౌంటర్‌లో చెప్పి డబ్బు కట్టాలి, చీటీని వంటగది కిటికీ దగ్గర ఇవ్వాలి. కాసేపటికి లోపలి నుంచి వంటకం పేరు కేకేస్తారు. తిన్నాక పళ్లెం మనమే కిటికీలో పెట్టాలి. మధ్యాహ్నం రద్దీలో తినేసి లేవకుండా కూర్చోవద్దు, వెనక నిలబడ్డ పెద్దావిడకు అది రోజూ తినే భోజనం.

మన శాకాహారులకు ఒక్క జాగ్రత్త. పియెరోగి లోపల మాంసం లేకపోయినా పైన 'స్క్వర్కి' చల్లుతారు, కరకరలాడే పంది కొవ్వు ముక్కలు. చారుల్లో మాంసం రసం కూడా ఉండొచ్చు. చీటీ ఇచ్చేటప్పుడే 'బెజ్ స్క్వారెక్', అంటే స్క్వర్కి వద్దు అనండి, వాటి బదులు కరిగించిన వెన్న పోయమని అడగండి.