చావు లెక్క ఎక్కడ రాస్తున్నారు?

మన శ్రీకాకుళం జిల్లాలో క్యాన్సర్ చావులు ఎక్కువా కాదా అన్న గొడవ మళ్లీ మొదలైంది. 2025లో తూర్పుగోదావరి బలభద్రపురం పేరు పేపర్లకెక్కినప్పటి నుంచి మన తీరంలో కూడా ఏ వీధిలో ఎవరు పోయారో జనం వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నారు. అంకెలు మామూలుగానే ఉన్నాయని అధికారుల మాట.

పొగాకు చెడ్డదని చిన్నపిల్లలకీ తెలుసు, ఆ మాట మళ్లీ చెప్పను. నా లెక్కలో అసలు మలుపు 1971. నోటి జబ్బుల పరిశోధకులు, కోపెన్‌హాగన్‌కి చెందిన పిండ్‌బోర్గ్, ముంబై నుంచి ఫాలీ మెహతా బృందం మన పల్లెల్లో 10,169 మందిని చూసి ఆ ఏడాది ఫలితాలు అచ్చువేశారు. వాళ్లు వెతికింది అడ్డపొగ సంగతి. చుట్ట అంటుకున్న కొస లోపలికి పెట్టుకుని, పెదాలు మూసి, రెండు చేతులూ పనిలో ఉంచే ఆడవాళ్లు మనకు కొత్త కాదు. వాళ్ల అంగిలి తెల్లబారుతుంది, మధ్యలో ఎర్రటి చుక్కలు తేలతాయి, కొందరిలో అదే నోటి క్యాన్సర్‌కి దారితీస్తుంది.

అమెరికాలో కథ తిరగబడి నడిచింది. 1975లో కౌంటీలవారీగా, అంటే మన జిల్లాల్లాంటివాటివారీగా, క్యాన్సర్ మరణాల అట్లాస్ వేస్తే ఆగ్నేయంలో ఆడవాళ్ల నోటి క్యాన్సర్ ఒకేచోట గుంపుగా కనబడింది, ఎందుకా అని వెళ్లి అడిగితే 1981కల్లా నోట్లో పెట్టుకునే పొడుం అలవాటు బయటపడింది. మనకు అలవాటు ముందే తెలుసు, చావుల మ్యాప్ మాత్రం రాలేదు.

1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. సోంపేట మనిషి విశాఖ ఆసుపత్రిలో పోతే విశాఖ రిజిస్టర్‌లో ఎక్కుతాడు. ఫారంలో సొంతూరి గడి ఉంది, కానీ దాన్నిబట్టి లెక్క వెనక్కి తేకపోతే మ్యాప్‌లో విశాఖ ఎర్రగా, మనం తెల్లగా కనబడతాం. 2004లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) క్యాన్సర్ అట్లాస్ ఒకటి వేసింది గానీ, అది చావుల మీద కాదు, ల్యాబ్ రిపోర్టుల మీద ఆధారపడింది. ముక్క తీసి పరీక్ష చేయించుకోనివాళ్లు అందులో ఎలా ఉంటారు?

మా పెద్దమ్మ ఇంట్లోనే పోయింది. నమోదుకి మా అన్నయ్యతో నేనూ వెళ్లాను. ఏం జబ్బని అడిగితే అన్నయ్య "నోట్లో పుండండీ" అన్నాడు, వయసైపోయిందని రాసుకున్నారు. ఎన్నేళ్లుగా పొగ తాగేవారన్న గడి కూడా అదే ఫారంలో ఉంది. ఎవరూ అడగలేదు. ఆసుపత్రిలో పోతే కారణం రాసి తీరాలని ఆ చట్టానికి చేసిన 2023 సవరణ గట్టిగా చెప్పింది, మంచిదే, కానీ డాక్టర్లు చేతులెత్తేశాక మా పెద్దమ్మ లాంటివాళ్లని ఇంటికే తెచ్చుకుంటాం కదా.