అటక మీది ఆటలు: అపోహలు - వాస్తవాలు

పాత బోర్డు గేములు సేకరిస్తానని, చిరిగినవి బాగు చేస్తానని తెలియగానే చాలామంది అడిగే మొదటి మాట ఒకటే: "మా అమ్మమ్మగారింట్లో ఒకటుందండీ, ఎంతొస్తుంది?" జవాబు చెప్పబోతే మధ్యలో ఈ అపోహలు అడ్డం పడుతుంటాయి.

అపోహ: పాతదైతే చాలు, ధర పలుకుతుంది.

పలకదు. చేప ఆకారంలో మడతపెట్టే చెక్క వామనగుంటల పలకలు ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి, ఎందుకంటే చెక్కను ఎవరూ పారేయలేదు. ముక్కోటి ఏకాదశి జాగారానికి కొని, తెల్లారాక ఏ మూలో పడేసిన కాగితం వైకుంఠపాళి పటమే అరుదు. చవకగా వచ్చింది కాబట్టి ఎవరూ దాచలేదు. కొనేవాళ్లు వయసు ఎంతని అడిగేలోపే ఎంత మిగిలుందని చూస్తారు.

అపోహ: అమ్మేవాడు 'నిజాం కాలం నాటిది' అంటే అది నిజాం కాలానిదే.

పెట్టె వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. ధర అణాల్లో ఉంటే దాదాపుగా 1957కు ముందుది. ఆ ఏడాది ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. 'నయా పైసలు' అని ఉంటే 1957-64 మధ్యది అనుకోవచ్చు, తర్వాత 'నయా' తీసేశారు. చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ ఉందా? అయితే 1972 ఆగస్టు 15 కంటే ముందుది అయ్యే అవకాశమే లేదు. ఇంగ్లీషు చిరునామాలో మద్రాస్ బదులు చెన్నై అని ఉంటే దాదాపుగా 1996లోనో ఆ తర్వాతో అచ్చయినట్టే. 'నిజాం కాలం' పెట్టె మీద పిన్ కోడ్ చూపిస్తే అమ్మేవాళ్లు కాస్త నవ్వి ధర తగ్గిస్తారు, అదొక లాభం.

ఏ అక్షరమూ లేని ఉత్త పటమైతే భూతద్దం పట్టండి. ఇంక్‌జెట్ ప్రింటర్ వేసిన రంగులో సన్నటి చుక్కలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. టీ నీళ్లలో ముంచి ముసలిదాన్ని చేసిన పటాలూ ఉంటాయి. వాటికి గోధుమరంగు అంతటా పరుచుకుని ఉంటుంది. నిజంగా పాతబడ్డ కాగితం అంచుల్లోనూ మడతల దగ్గరా ముందు రంగు మారుతుంది.

నక్షత్రం ఆకారపు చైనీస్ చెక్కర్ బోర్డును చైనా వాళ్ల ప్రాచీన ఆటగా చెబుతారు. 1880ల్లో అమెరికాలో పుట్టిన హల్మా అనే ఆటను మార్చి జర్మనీలో 1892లో తెచ్చిన ఆట అది. చైనా ముద్ర వేసింది 1920ల చివర్లో అమెరికా వ్యాపారులు. లూడో పేటెంటు కూడా ఇంగ్లండులో 1890ల నాటిదే. వాటికంటే ముందు తరాల ఆట కావాలంటే గుడ్డ మీద కుట్టిన పచ్చీసు కోసం వెతకండి.

అపోహ: వైకుంఠపాళి, స్నేక్స్ అండ్ ల్యాడర్స్ ఒకటే.

ఆట పద్ధతి ఒకటే, పటాలు వేరు. 1890ల్లో ఇంగ్లండులో అచ్చయినవి అక్కడి పిల్లలకు తగ్గట్టు మారాయి. మన పటంలో గడుల్లో పుణ్యాలు, పాపాలు, లోకాల పేర్లు ఉంటాయి, పాములకు రాక్షసుల పేర్లు ఉంటాయి, చివరకు చేరేది వైకుంఠం. జైనుల పటాల్లో 84 గడులున్నవి ప్రసిద్ధం. పేర్లు చెరిగిపోయి బొమ్మలు మాత్రమే మిగిలిన పటానికి నేనైతే సగం ధర కూడా పెట్టను.

అపోహ: కాయలు పోతే ఇక అది పనికిరాదు.

బిజినెస్ లాంటి పెట్టె ఆటలకు ఇది కొంత నిజం. కార్డులు, నోట్లు లేకపోతే విలువ బాగా పడిపోతుంది. అష్టాచెమ్మాకు అసలు వర్తించదు. నేల మీద సుద్దతో అయిదు గళ్లు అడ్డం, అయిదు నిలువు గీసి, నాలుగు గవ్వలో చింతపిక్కలో వేసి, పగిలిన గాజు ముక్కల్ని కాయలుగా పెట్టి ఆడిన ఆటకు ఒరిజినల్ సెట్టు ఎక్కడుంటుంది?

దీంట్లో పోయేది ఆడే పద్ధతి. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా, ఇంతవరకు గొడవ లేదు. ఎదుటివాళ్ల కాయను చంపకుండా లోపలి వరసలోకి వెళ్లొచ్చా, వరసగా పందేలు పడితే ఏమవుతుంది అన్నవి ఊరికో రకం, ఒక్కోసారి ఇంటికో రకం. మీ నానమ్మ గారు ఆడుతూ చెబుతుంటే ఫోన్లో రికార్డు చేసుకోండి. ఆ రికార్డింగు ఉన్న మామూలు గవ్వల మూటను, వివరం తెలియని దంతపు పాచికల కంటే నేను ఎక్కువగా చూస్తాను. దంతం సంగతి కింద చెబుతాను.

అపోహ: లామినేషన్ చేయిస్తే పటం శాశ్వతం.

దయచేసి వద్దు. వేడికి, జిగురుకు కాగితం ప్లాస్టిక్‌లో కలిసిపోతుంది, మళ్లీ విడదీయలేం. సెల్లోటేపూ అంతే, కొన్నేళ్లకు పసుపు మరక మిగులుతుంది. చిరిగితే వెనక వైపు, కాగితాలు బాగు చేయడానికి వాడే పల్చని టిష్యూ కాగితం, గోధుమ గంజి వాడండి. మడవకుండా, గోడకు తగలకుండా, చదునుగా పెట్టండి. చెద ముందు గోడల్లోంచే వస్తుంది.

అపోహ: మా ఇంటి వస్తువే కదా, అమెరికా పట్టుకుపోవచ్చు.

వందేళ్లు దాటిన కళాత్మక వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు. అలాంటిదాన్ని మనంతట మనం దేశం దాటించకూడదు. ఏనుగు దంతపు పాచికల విషయంలో వయసుతో పనే లేదు, కొన్నా అమ్మినా వన్యప్రాణి చట్టం కింద నేరమే. బాగా పాతదనిపించే చెక్క పటమో, గుడ్డ పచ్చీసో బ్యాగులో పెట్టే ముందు పురావస్తు శాఖ దగ్గర అది పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకోండి. ఎయిర్‌పోర్టులో ఆపాక ఆ కాగితం పుట్టించడం కుదరదు, టికెట్ కొనకముందే ఈ పని మొదలుపెట్టండి.