ఒక అక్షరం జారితే

పర్లాకిమిడిలో మా పెంకుటింటి మీదికి పొద్దున్నే ఎర్రమూతి కోతులు దిగుతాయి. మొన్న ఒక తల్లికోతి అరుగు మీద ఆరబోసిన వేరుశనగ కాయ తీసి, అరచేతుల మధ్య నలిపి మట్టి రాల్చి, పళ్లతో చిట్లగొట్టి గింజ మాత్రం తింది. పక్కనే కూర్చుని రాసుకుంటున్న మా మేనకోడలు (బడిలో ఒడియా, నా దగ్గర తెలుగు) పెన్ను ఆపేసింది. "మావయ్యా, ఇంత తెలివుంది కదా, మరి దీని మెదడు మనదంత ఎందుకవలేదు?"

మంచి ప్రశ్న. ఈ రీసస్ కోతి మెదడులో సుమారు 640 కోట్ల నాడీకణాలుంటే మనకు 8,600 కోట్లు.

తన నోటుబుక్కులోనే రాశాను: చిలుకనెమలిఉడుత. మూడేసి అక్షరాలు చదివింది: చిలుక, నెమలి, ఉడుత. మొదటి 'చి' కొట్టేసి మళ్లీ మూడేసి చదవమన్నాను. "లుకనె... మలిఉ..." పకపకా నవ్వింది. ప్రొటీన్ తయారుచేయడానికి కణం జన్యువును చదివేదీ మూడేసి రసాయన అక్షరాల చొప్పునే.

దాదాపు 50 లక్షల ఏళ్ల కిందట, చింపాంజీల దారి వేరయ్యాక, మన పూర్వీకుల్లో ఏఆర్‌హెచ్‌గ్యాప్11ఏ అనే జన్యువులో కొంత భాగానికి నకలు పడింది. అదే 11బీ. నకలు పడ్డంత మాత్రాన ఒరిగిందేమీ లేదు. తర్వాతెప్పుడో అందులో 'సి' అనే ఒక్క రసాయన అక్షరం పోయి 'జి' వచ్చింది. దాంతో కణం కొత్తచోట కత్తిరింపు వేసి, సందేశ ఆర్‌ఎన్‌ఏలో (జన్యువు చూసి కణం రాసుకునే చిత్తుప్రతిలో) 55 అక్షరాలు వదిలేస్తోంది. 55ని మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది కదా! అక్కణ్నుంచి చదువంతా జారిపోయి, ప్రొటీన్ చివర 47 కొత్త అమైనో ఆమ్లాలు (ప్రొటీన్ గొలుసులో పూసలు) చేరాయి. మా పిల్ల చదివిన 'లుకనె'కి అర్థం లేదు. ఈ జారుడుకు మాత్రం అర్థం వచ్చింది. నాకు ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యమే.

ఆ ప్రొటీన్ కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో చేరి, గర్భంలో మెదడు పైపొరను కట్టే మూలకణాలు ఇంకొన్నిసార్లు విభజన చెందేలా చేస్తుంది. 2015లో జర్మనీలో డ్రెస్డెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని కనుగొన్నారు. 2020లో జపాన్‌వాళ్లతో కలిసి మార్మోసెట్ అనే చిన్న కోతి పిండాల్లో ఈ జన్యువు పెట్టి చూస్తే, నున్నగా ఉండాల్సిన మెదడు పెరిగి ముడతలు పడింది. ఆ పిల్లల్ని పుట్టేదాకా పెరగనివ్వలేదు. అలా ఆగడమే సరైందని నా నమ్మకం. పుట్టాక ఆ ప్రాణి ఏమనుభవిస్తుందో ఎవరు చెప్పగలరు?

మన మెదడంతా ఈ ఒక్క జన్యువు చలవ కాదు. నాచ్2ఎన్‌ఎల్ లాంటివి మరికొన్ని ఉన్నాయి.

"అయితే పాతది ఈ కోతిలోనూ ఉందా?" అంది పిల్ల.

ఉంది. దానిలోనూ ఉంది, నీలోనూ ఉంది. నకలే దానికి లేదు.