క్రిమినల్ కేసు: ఎఫ్ఐఆర్ నుంచి తీర్పు దాకా అపోహలు - వాస్తవాలు

క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసే మాకు కొన్ని మాటలు రోజూ వినిపిస్తుంటాయి. వాటిని నమ్మి జనం నష్టపోతుంటే బాధేస్తుంది. 2024 జులై 1న పాత నేర విచారణ ప్రక్రియ చట్టం సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారినా, కేసు నడిచే దారి చాలావరకు పాతదే. అపోహలూ పాతవే.

అపోహ: తమ పరిధి కాదంటే పోలీసులు ఫిర్యాదు తీసుకోనక్కర్లేదు.

పోలీసులు నేరుగా కేసు కట్టదగ్గ నేరమైతే ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. పరిధితో పని లేకుండా నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్ కట్టి సంబంధిత స్టేషన్‌కు పంపాలి. కాపీ ఫిర్యాదికి ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు.

అపోహ: నాన్ బెయిలబుల్ అంటే బెయిల్ రాదు.

ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేసే మాట ఇది. బెయిలబుల్ కేసులో బెయిల్ హక్కు. నాన్ బెయిలబుల్‌లో ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు నిర్ణయం, అంతే తేడా. అరెస్టు కూడా ప్రతి కేసులో తప్పనిసరి కాదు. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. అరెస్టు అవసరం లేని చోట నోటీసు ఇచ్చి పిలవాలి. ఆ నోటీసు వస్తే మాత్రం తప్పకుండా వెళ్లండి, వెళ్లకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది. రిమాండ్‌లో ఉన్నవారి విషయంలో నేర తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు పడకపోతే బెయిల్ అడిగే హక్కు వస్తుంది. దానికి పిటిషన్ వేయాలి, చార్జిషీటు దాఖలయ్యే లోపే వేయాలి.

అపోహ: బెయిల్ వచ్చింది, కేసు అయిపోయింది.

కాలేదు. వాయిదా రోజు అటెండర్ పేరు పిలుస్తాడు. ముద్దాయి పలకడు, ఆ రోజు రాలేనని మన్నించమనే గైర్హాజరు పిటిషన్ కూడా పడదు. జడ్జి నాన్ బెయిలబుల్ వారెంట్ ఇస్తారు. ఊరికే పోయే బెయిళ్లలో చాలావరకు ఇలా పోయినవే.

అపోహ: పోలీసులు రాసుకున్న వాంగ్మూలమే సాక్ష్యం.

పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు, ఉండకూడదు. కోర్టులో ప్రమాణం చేసి చెప్పిందే సాక్ష్యం. పాత వాంగ్మూలాన్ని ప్రధానంగా మాటల్లో తేడా చూపించడానికే వాడతారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ముద్దాయి తరఫు లాయరు 'ఈ మాట పోలీసులకు చెప్పలేదు కదా?' అనగానే చాలామంది సాక్షులు కంగారుపడి తల ఊపేస్తారు. చూసింది చెప్పండి. గుర్తులేకపోతే గుర్తులేదనండి. అందులో తప్పేమీ లేదు.

అపోహ: కేసు పై కోర్టుకు వెళ్లిందంటే ఎవరో చక్రం తిప్పారు.

హత్యలాంటి కేసులను మేజిస్ట్రేట్ విచారించలేరు. మేజిస్ట్రేట్ కోర్టులో పీఆర్‌సీ (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరు పడుతుంది, ముద్దాయికి కాపీలు ఇస్తారు, తర్వాత సెషన్స్ కోర్టుకు పంపుతారు. అక్కడ ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరు వస్తుంది. ఎఫ్ఐఆర్ నంబరు పట్టుకుని వెతికితే కేసు కనబడక టెన్షన్ పడతారు.

అపోహ: ఫిర్యాదు నాదే, ఎప్పుడైనా వాపసు తీసుకుంటా.

ఎఫ్ఐఆర్ అయ్యాక కేసు ప్రభుత్వానిది. ఫిర్యాది సాధారణంగా మొదటి సాక్షి మాత్రమే. చిన్నపాటి దెబ్బలు, పరువు నష్టం లాంటివి రాజీకి వీలైన నేరాలు. కొన్నింటికి కోర్టు అనుమతి కావాలి. ఆ జాబితాలో లేనివాటికి కేసు కొట్టేయమని హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేయాలి. హత్య, అత్యాచారం లాంటి కేసులను రాజీ పడ్డారని కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో చెప్పింది. 'బోనెక్కి నాకేం తెలియదని చెప్పెయ్' అని సలహా ఇచ్చే పెద్దమనుషులుంటారు. నేను దాన్ని ఎప్పటికీ ఒప్పుకోను. అది అబద్ధపు సాక్ష్యం, శిక్షార్హమైన నేరం.

అపోహ: ముద్దాయిని వదిలేస్తే బాధితులు చేయగలిగిందేమీ లేదు.

బాధితులూ అప్పీలు వేయవచ్చు. లాయరును పెట్టుకునే స్తోమత లేదని ఆగిపోకండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయ సేవల సంస్థలో అడగండి.